పన్నెండుగురు దేవతల పీఠం నుంచి ఎంత దూరం?

ఇల్లు చేరి వారం కూడా కాలేదు. బూట్ల అడుగున పట్టిన డెల్ఫీ దుమ్ము దులపకముందే, చూసినవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

ఇరవయ్యారేళ్లు గుంటూరు జిల్లాలోని ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పాను. గ్రీకు, రోమన్ నాగరికతల పాఠం వచ్చిన ప్రతి ఏడూ, "వారు అనేకమంది దేవతలను పూజించేవారు, జ్యూస్‌ను రోమన్లు జూపిటర్ అన్నారు, ఎథీనాను మినర్వా అన్నారు" అని ఒక్క ముక్కలో ముగించి ప్రజాస్వామ్యం మీదికి వెళ్లిపోయేదాన్ని. పిల్లలు 'జతపరచండి' ప్రశ్న కోసం ఆ పేర్లను బట్టీ పట్టేవారు. ఆ దేవతల కథలు ఆ మనుషులకు పొద్దున లేచింది మొదలు ఏయే పనులకు అక్కరకొచ్చేవో నాకూ తెలియదు, వాళ్లూ అడగలేదు. జర్మనీలో ఉద్యోగం చేసే మా అమ్మాయి రెండు వారాలు సెలవు పెట్టి ఎక్కడికి వెళ్దామని అడిగినప్పుడు, మంచుకొండలు వద్దు, నేను సరిగా చెప్పని పాఠం ఏ ఊళ్లలో ఉందో అక్కడికి తీసుకెళ్లమన్నాను.

అక్టోబరు 4, ఏథెన్స్: అగోరా

పాత ఏథెన్స్ నడిబొడ్డు అగోరా. సంత, కచేరీ, రచ్చబండ మూడూ ఒకేచోట ఉంటే ఎలా ఉంటుందో అలాంటి స్థలం. మోనస్తిరాకీ స్టేషనులో దిగి, ఫోను చూపిన దారిని నమ్మి, అయస్కాంతపు బొమ్మలు అమ్మే దుకాణాల మధ్య ముప్పావు గంట తిరిగి, ద్వారాన్ని దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాం. నేను మొదట చూడాలనుకున్నది ఆ దారిపక్కన పోయే రైలు పట్టాల కిందే ఉంది. క్రీ.పూ. 522 ప్రాంతంలో ఇక్కడ పన్నెండుగురు దేవతలకు ఒక బలిపీఠం కట్టారు. దానిలో ఎక్కువ భాగం పట్టాల కింద ఉండిపోయి, ఒక మూల మాత్రమే బయటికి కనిపిస్తుంది. అయిదారు నిమిషాలకొకసారి రైలు దేవతల మీదుగా పోతూనే ఉంటుంది.

ఈ పీఠం పూజకే పరిమితం కాదు. ఏథెన్స్ నుంచి దూరాలను ఇక్కడి నుంచే కొలిచేవారు. ఇక్కడి నుంచి ఒలింపియాలోని జ్యూస్ గుడికి పదిహేను వందల స్టేడియాలకు (స్టేడియా అప్పటి దూరపు కొలత) పదిహేను తక్కువని ఆనాటి చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క చెప్పాడు. ఆపదలో ఉన్నవాడు వచ్చి ఈ పీఠం పట్టుకుని కూర్చుంటే అతడిని లాగిపారేయడానికి ఎవరికీ హక్కు లేదు. ప్లటేయా అనే చిన్న ఊరివాళ్లు పొరుగున ఉన్న థీబ్స్ బెడద పడలేక ఏథెన్స్ రక్షణ కోరుతూ వచ్చి కూర్చున్నది ఇక్కడే. అంటే ఊరికి మైలురాయీ, అర్జీదారుకు ఆశ్రయమూ ఒకే రాతిదిమ్మె. మా నాన్నగారు ఏ వ్రతం మొదలుపెట్టినా సంకల్పంలో "మేరోర్దక్షిణదిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే" అని తాను కూర్చున్న చోటును కొండల నుంచి కొలిచి చెప్పుకోవడం గుర్తొచ్చింది. ఎన్నిసార్లు విన్నా అది చిరునామా అని నాకు ఆ పట్టాల పక్కన నిలబడేదాకా తోచలేదు.

కొంచెం ఎగువన పొడుగాటి రాతి అరుగు ఒకటి ఉంది. క్రీ.పూ. 508లో క్లైస్తనీస్ అనే నాయకుడు ఏథెన్స్ పౌరులను పది తెగలుగా పునర్విభజించినప్పుడు, ఒక్కొక్క తెగకు పురాణకథల్లోని ఒక్కొక్క వీరుడి పేరు పెట్టారు. నూరు పేర్లు రాసి, అపోలో దేవుడి పలుకు చెప్పే డెల్ఫీకి పంపితే అక్కడి పూజారిణి పదింటిని ఎంచి ఇచ్చిందట. ఆ పదిమంది కంచు విగ్రహాలు ఈ అరుగు మీద వరుసగా నిలబడి ఉండేవి. వాటి కిందనే ప్రభుత్వ ప్రకటనల పలకలు వేలాడేవి: రాబోయే చట్టాల ముసాయిదాలు, వ్యాజ్యాల వివరాలు, యుద్ధానికి పిలుపు వచ్చినవారి జాబితాలు. ఏజాక్స్ తెగవాడు ఏజాక్స్ కాళ్ల దగ్గరికి వచ్చి తన పేరు ఉందో లేదో చూసుకుని, ఉంటే డాలు బాగుచేయించుకోవడానికి పోయేవాడన్నమాట. అయిదువందల మంది సభలో సభ్యత్వమూ తెగకు యాభై చొప్పున ఆ పేర్ల లెక్కనే. నేను తరగతిలో మతాన్ని ఒక్క వాక్యంలో దాటేసి పరుగెత్తిన ప్రజాస్వామ్యం తీరా చూస్తే పురాణవీరుల కాళ్ల దగ్గరే వేలాడుతోంది.

గుట్టమీద హెఫెస్టస్ గుడి దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. ఆయన కుంటి కమ్మరి దేవుడు. ఆ గుడి పరిసరాల్లో తవ్వితే కంచుపోత పనివాళ్ల కొలుముల ఆనవాళ్లు దొరికాయి. పనివాళ్లు ఉన్నచోటికే వాళ్ల దేవుడు వచ్చాడు.

రాత్రి భోజనానికి 'ఫావా' తెప్పించుకున్నాం. పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం వేసి ఇచ్చారు. నెయ్యి మరిచిపోయిన ముద్దపప్పు. ఆరు యూరోలు. యూరోకు వంద రూపాయల పైమాటే కాబట్టి పప్పు ముద్దకు ఆరువందలు పెట్టానని మా ఇంట్లో చెప్పదలచుకోలేదు. ఇక్కడివాళ్లు అవునంటే "నె" అంటారు, కాదంటే తల పైకెత్తి నాలుకతో చప్పుడు చేస్తారు. ఉప్పు తక్కువ వేయమంటే "నె, నె" అన్న కుర్రాడు వేయనంటున్నాడనుకుని నేను రెండోసారి బతిమాలాను. చివరకు అడగకుండానే ఒక చిన్న పళ్లెంలో రవ్వహల్వా తెచ్చిపెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

అక్టోబరు 5, ఏథెన్స్: అక్రోపోలిస్

టిక్కెట్టు మనిషికి ముప్పై యూరోలు. పొద్దున ఎనిమిదింటికే కొండ నిండిపోయింది. పార్థినాన్ గుడి క్రీ.పూ. 447, 432 మధ్య కట్టినది. తర్వాత చర్చి అయింది, మసీదు అయింది, 1687లో లోపల నిలవచేసిన తుపాకిమందు మీద వెనీసు సేనల గుండు పడి నడుమ పేలిపోయింది. దాని గురించి అందరూ రాశారు కాబట్టి నేను పక్కనున్న ఎరెక్థియాన్ దగ్గరికి పోతాను.

ఈ ఊరు ఎవరిదన్న తగాదా పొసైడన్‌కూ ఎథీనాకూ మధ్య వచ్చిందని కథ. సముద్రదేవుడు త్రిశూలంతో బండను పొడిచి ఉప్పునీళ్ల ఊట తెప్పించాడు. ఎథీనా ఆలివ్ చెట్టు మొలిపించింది. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. ఎరెక్థియాన్‌లో త్రిశూలపు పోటు గుర్తు ఉన్న చోటును కప్పకుండా, దానికి నేరుగా పైన కప్పులో కంత వదిలారు. పడమటి పక్కన ఇప్పటికీ ఒక ఆలివ్ చెట్టుంది. ఇటీవలి కాలంలో నాటిందే అయినా చెట్టు ఉండవలసిన చోటనే ఉంది.

ఈ కథ కొండ దిగి పొలాల్లోకి కూడా వెళ్లింది. ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా నేలంతటా అక్కడక్కడ ఉన్న కొన్ని ఆలివ్ చెట్లను ఎథీనా నాటిన చెట్టు సంతానమని ప్రభుత్వం లెక్కకట్టి ఉంచేది. మీ పొలంలో ఉన్నా ఆ చెట్టు మీది కాదు. దాని మొద్దును పెకలించావని ఒకడి మీద నేరారోపణ వస్తే, హత్యానేరాలు విచారించే అరియోపగస్ సభలో నిలబడి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఆ చెట్ల నూనెనే నాలుగేళ్లకొకసారి జరిగే పెద్ద పనథీనాయా ఉత్సవంలో పందేలు గెలిచినవారికి జాడీలకొద్దీ బహుమానంగా ఇచ్చేవారు. అదే ఉత్సవంలో ఎథీనాకు కొత్త చీరలాంటి ఒక నేత వస్త్రం సమర్పించేవారు. రాక్షసజాతితో దేవతల యుద్ధాన్ని దానిమీద నేసేవారట. ఆ వస్త్రానికి మగ్గం మీద పడుగు ఎక్కించేది దాదాపు తొమ్మిది నెలల ముందు, హెఫెస్టస్‌కు కూడా సంబంధించిన పండుగ రోజున. పార్థినాన్ చుట్టూ ఉన్న శిల్పాల వరుసలో గుడ్డ మడతపెడుతున్న దృశ్యం లండన్‌లో ఉంది. ఇక్కడి మ్యూజియంలో పెట్టినది దాని సుద్ద అచ్చు. అసలు రాళ్లు తేనెరంగులో, అచ్చులు తెల్లగా పక్కపక్కనే పెట్టి ఎవరేం పట్టుకుపోయారో మాట అనకుండానే చెప్పారు.

కొండ దక్షిణపు వాలులో ద్రాక్షసారా దేవుడు డయనైసస్ నాటకశాల ఉంది. ముందు వరుసలో చెక్కడపు పనితో ఒక చలువరాతి కుర్చీ ఇంకా అలాగే ఉంది. డయనైసస్ పూజారి ఆసనమని దాని మీద రాసి ఉంది. నాటకాల పోటీ ఈ దేవుడి ఉత్సవంలో భాగమే. ఆ కుర్చీ నన్ను చాలాసేపు నిలబెట్టింది. ఎందుకంటే క్రీ.పూ. 405లో అరిస్టొఫనీస్ తన 'కప్పలు' ప్రహసనంలో ఇదే దేవుణ్ని పిరికివాడిగా, భయంతో బట్టలు పాడుచేసుకున్నవాడిగా చూపించాడు. దేవుడి పండుగలో, దేవుడి గుడి ఆవరణలో, దేవుడి పూజారి ముందు వరుసలో కూర్చుని చూస్తుండగా ఊరంతా దేవుణ్ని చూసి నవ్వింది. పోటీలో ఆ నాటకానికే మొదటి బహుమతి వచ్చింది. మరి వీళ్లకు భక్తి లేదా అని మా అమ్మాయి అడిగింది. ఆ మర్నాడు పొద్దున వీళ్లే పంటకోసం, పిల్లలకోసం అదే దేవుడికి మొక్కుకున్నారు. నవ్వడానికీ మొక్కడానికీ మధ్య గోడ కట్టుకున్నది తర్వాతివాళ్లు.

అదే వాలు నుంచి వెనక్కి తిరిగి వస్తే అరియోపగస్ బండ. అరిగి జారుడుగా ఉంది, నేను ఎక్కలేదు. తల్లిని చంపిన ఒరెస్టిస్ మీద విచారణకు ఎథీనా స్వయంగా ఈ న్యాయస్థానాన్ని స్థాపించిందని, ఓట్లు సమానమైతే ముద్దాయిని వదిలిపెట్టాలన్న నియమం అప్పుడే పుట్టిందని ఏస్కిలస్ క్రీ.పూ. 458లో నాటకం కట్టాడు. దానికి మూడు నాలుగేళ్ల ముందే ఈ సభ అధికారాలను కోసివేసి, హత్యల విచారణ, ఆ ఆలివ్ చెట్ల కేసులు లాంటివి మాత్రం మిగిల్చారు. ఊరు ఆ గొడవతో ఇంకా ఉడికిపోతుండగా, ఉన్న అధికారం దేవత ఇచ్చినదేనని ఆయన రంగస్థలం మీద చూపించాడు. ఆనాటి రాజకీయ వ్యాఖ్య పురాణకథ వేషంలో వచ్చింది.

అక్టోబరు 6, ఎలెఫ్సినా

ఏథెన్స్ నుంచి పడమరగా ఇరవై కిలోమీటర్లు. ప్రాచీనులు నడిచిన దారికి ఇప్పటికీ 'ఇయెరా ఒదోస్' అనే పేరు, పవిత్ర మార్గమని అర్థం. ఆ పవిత్ర మార్గంలో ఇప్పుడు టైర్ల దుకాణాలు, ఫర్నిచరు గోదాములు, చివరగా చమురుశుద్ధి కర్మాగారపు పొగగొట్టాలు. బస్సు స్టాపు ముందే దిగిపోయి రేవు వైపు నడిచాం. ఒక ముసలామె గుమ్మం కడుగుతూ, మేం ఏమీ అడగకముందే చీపురుకర్రతో దారి చూపించింది. ఈ ఊరికి వచ్చే పరాయివాళ్లు వెతికేది ఒక్కటేనని ఆమెకు తెలుసు.

భూదేవిలాంటి ధాన్యదేవత డిమీటర్, ఆమె కూతురు పెర్సెఫొనీ. కూతుర్ని పాతాళరాజు ఎత్తుకుపోతే తల్లి ఈ ఊరి బావి దగ్గర కూలబడి ఏడ్చింది. పైరు మొలవడం మానేసింది. చివరకు ఏడాదిలో కొంతకాలం కూతురు కింద, మిగతాకాలం పైన ఉండేటట్టు రాజీ కుదిరింది. బావి గుండ్రని రాతిగట్టు ద్వారం దగ్గరే ఉంది, పాతాళానికి దారి అని చెప్పే గుహ కొంచెం లోపల ఉంది. ప్రతి ఏటా శరత్తులో వేలమంది ఏథెన్స్ నుంచి నడిచివచ్చి ఇక్కడ దీక్ష తీసుకునేవారు. గ్రీకు మాట అర్థమై, చేతికి నెత్తురు అంటనివాళ్లయితే చాలు. ఆడవాళ్లు, బానిసలు కూడా పనికివచ్చేవారు. సభలో నోరెత్తే హక్కులేని మనుషులకు ఇక్కడ మాత్రం లోపలికి ప్రవేశం ఉంది. దారిలో ఒక వంతెన దగ్గర పెద్దమనుషులను పేరుపెట్టి తిట్టే ఆచారం కూడా ఉండేది, తిట్లు పడ్డవాళ్లు తలవంచుకుని నడిచిపోవలసిందే.

లోపల ఏం జరిగేదో బయట చెబితే మరణశిక్ష. క్రీ.పూ. 415లో ఆల్సిబయడీస్ అంతటి సేనానిపై, ఎవరి ఇంట్లోనో ఈ రహస్యాలను వెక్కిరింతగా ఆడాడని కేసు వచ్చి, యుద్ధం మధ్యలో శత్రువు పక్షానికి పారిపోయాడు. డయనైసస్‌ను రంగస్థలం మీద ఎంతైనా నవ్వవచ్చు, దీన్ని మాత్రం నాలుగు గోడల మధ్య కూడా నవ్వకూడదు. ఏది ఎక్కడ అనవచ్చో వాళ్లకు స్పష్టంగా తెలుసు. ఆ గీత నాకే కొత్త. దీక్షామందిరం నేల ఇప్పుడు ఖాళీ చతురస్రం. పక్కన బండలో తొలిచిన మెట్లవరుస మీద మేం కూర్చుని, ఒక యూరో పెట్టి కొన్న నువ్వుల రొట్టెకడియం తిన్నాం. దీక్షకు ముందు తాగేది యవల నీళ్లలో పుదీనా జాతి ఆకు కలిపిన పానీయమట, ఆకలితో ఉన్న డిమీటర్ అడిగి తాగింది అదేనని.

ఇక్కడి మ్యూజియంలో తలమీద పవిత్రమైన పెట్టె మోస్తున్న పెద్ద చలువరాతి స్త్రీమూర్తి ఒకటుంది. దాని జంటను 1801లో ఒక ఆంగ్లేయుడు కేంబ్రిడ్జికి తరలించాడు. అప్పటికి ఊరంతా క్రైస్తవులై శతాబ్దాలైంది. అయినా పొలాలు పండేది ఆ విగ్రహం వల్లనేనని నమ్మి, దాని చుట్టూ పేడ పోగుపోసి ఉంచేవారట. తీసుకెళ్లే ఓడ మునుగుతుందని శపించారు. ఓడ ఇంగ్లండు తీరంలో నిజంగానే దెబ్బతిన్నది, విగ్రహం మాత్రం దక్కింది. థియొడోసియస్ చక్రవర్తి క్రీ.శ. 392లో పాత పూజలు నిషేధించినా, ఒక పల్లె దాన్ని పద్నాలుగు వందల ఏళ్లు పట్టించుకోలేదు.

అక్టోబరు 8, డెల్ఫీ

మధ్యలో ఒకరోజు అరాఖోవా అనే కొండ ఊళ్లో ఆగాం, నా మడమ పొక్కింది. అక్కడ ఫోర్మాయెల్లా అనే గట్టి జున్నును పెనం మీద కాల్చి నిమ్మకాయ పిండి ఇచ్చారు. పళ్ల కింద కీచుమంటుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు కానీ మళ్లీ తినాలని ఉంది.

జ్యూస్ భూమి రెండు కొసల నుంచి రెండు గద్దలను వదిలితే అవి కలిసిన చోటు డెల్ఫీ, భూమికి బొడ్డు. ఆ బొడ్డురాయి మ్యూజియంలో ఉంది. అపోలో పలుకు చెప్పే పూజారిణి నెలకొక్క రోజే దొరికేది, చలికాలం మూడు నెలలు అదీ లేదు. ముందుగా ఒక రొట్టెకు డబ్బు కట్టాలి, అది రుసుము. కియోస్ ద్వీపంవాళ్లు గుడి ఎదుట పెద్ద బలిపీఠం కట్టించి ఇచ్చారు. దానికి బదులుగా వాళ్లకు అందరికన్నా ముందు ప్రశ్న అడిగే హక్కు ఇచ్చినట్టు పీఠం మీదే చెక్కి ఉంది. బ్రేక్ దర్శనం! ఆ మాట నా నోటి నుంచి పైకే వచ్చింది, మా అమ్మాయి పక్కవాళ్లు వింటున్నారని మోచేత్తో పొడిచింది.

క్రీ.పూ. 480లో పర్షియా సేనలు వస్తున్నప్పుడు "కట్టెగోడ మాత్రం నిలుస్తుంది" అన్న పలుకు ఇక్కడి నుంచే ఏథెన్స్‌కు చేరింది. కట్టెగోడ అంటే అక్రోపోలిస్ చుట్టూ ఉన్న కంచె అని కొందరు, కాదు, ఓడలని ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్. వాదం జరిగింది, ఓటు పడింది, ఊరు ఓడలెక్కింది, సలామిస్ దగ్గర గెలిచింది. దేవుడి మాటను కూడా సభలో తర్కించి అర్థం తేల్చుకున్నారు. ఇది నేను పాఠంలో చెప్పేదాన్నే.

చెప్పనిది ఆ గుడి కింది గోడ. అంచులు వంకరగా కోసి ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చిన రాళ్ల మీద, దూరం నుంచి చూస్తే చీమలబారుల్లా అక్షరాలు. అవి స్తోత్రాలేమో అనుకున్నాను. దాదాపు అన్నీ బానిసల విడుదల పత్రాలు, ఎక్కువగా క్రీ.పూ. రెండో శతాబ్దం నుంచి మొదలైనవి. బానిసకు ఆస్తిహక్కు లేదు కాబట్టి తనను తాను కొనుక్కోలేడు. అందుకని యజమాని అతణ్ని అపోలో దేవుడికి అమ్మినట్టు రాసేవారు. దేవుడు కొనుక్కున్న మనిషిని ఇంకెవరూ పట్టుకోకూడదు, కాబట్టి స్వేచ్ఛ. ధర ఎంతో, సాక్షులు ఎవరో, పూచీ ఎవరిదో అన్నీ గోడమీద ఉన్నాయి. ఆ ధర నిజానికి బానిస కూడబెట్టుకున్న డబ్బే. చాలా పత్రాల్లో మరొక షరతు: యజమాని బతికి ఉన్నంతకాలం అతని దగ్గరే ఉండి చెప్పిన పని చేయాలి. డబ్బు తీసుకుని, దేవుణ్ని సాక్షిగా పెట్టి, చాకిరీ కూడా వదలని పెద్దమనుషులు. అపోలో పైథాన్ సర్పాన్ని చంపిన కథ ఏ గైడు అయినా చెబుతాడు. నేను అక్కడ ఉన్న గంటన్నరలో ఈ గోడ దగ్గర ఎవరూ ఆగలేదు. కాపలా ఉన్న మనిషి మాత్రం నేను కళ్లజోడు మార్చిమార్చి చూడటం గమనించి, ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం వస్తే అక్షరాలు లేచి కనబడతాయని చెప్పాడు. వెళ్లాం. కనబడ్డాయి.

అక్టోబరు 11, 12, నేపుల్స్, పాంపేయి

నేపుల్స్‌లో మారినారా పిజ్జా అయిదున్నర యూరోలు. టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె అంతే, జున్ను ఉండదు. వేడికి నడుమ తడిగా ఉండి చేతిలో నిలవదు. పక్కబల్ల పెద్దాయన కత్తి పక్కన పెట్టి నాలుగు మడతలు వేసి చూపించాడు.

ఇక్కడి పురావస్తు మ్యూజియంలో, పాంపేయిలో 1938లో దొరికిన జానెడు దంతపు బొమ్మ ఒకటుంది. నడుముకు వడ్డాణం, మోచేతులదాకా గాజులు, అటూ ఇటూ చిన్న చెలికత్తెలు. లక్ష్మి అని పిలిచారు, యక్షిణి కావచ్చని తర్వాతివాళ్లు అన్నారు. శాతవాహనుల ఏలుబడిలోని దక్కను నుంచి వెళ్లి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పడేటప్పటికి ఆమె ఎవరి ఇంట్లోనో బల్లకో అద్దానికో కాలుగానో పిడిగానో ఉంది. ఏ కథా తెలియని ఊళ్లో సామానుగా మారిన దేవత. మన గాజులు చూసి మా అమ్మాయి మౌనంగా నా చేతివైపు చూసింది.

పాంపేయిలో 'వెట్టి సోదరుల ఇల్లు' ముందు నలభై నిమిషాలు నిలబడ్డాం. 2023లోనే మళ్లీ తెరిచారు. ఇంటివాళ్లు బానిసత్వం నుంచి విడుదలై ద్రాక్షసారా వ్యాపారంలో సంపాదించినవాళ్లని అంటారు. గుమ్మం పక్కనే సంతానసమృద్ధి దేవుడు ప్రయాపస్ తన మర్మాంగాన్ని తక్కెడలో డబ్బుసంచికి ఎదురుగా తూచుకుంటూ ఉంటాడు. దిష్టి తగలకుండా, సిరి పెరగడానికి. కూతురి పక్కన నిలబడి చూడటానికి ఇబ్బందిగానే ఉంది, ఆమెకు లేదు. లోపల అతిథుల గదుల్లో పసిబిడ్డ హెర్క్యులస్ పాములు నులుముతున్నాడు, పెంథియస్‌ను ఆడవాళ్లు చీలుస్తున్నారు, ఇక్సియాన్‌ను చక్రానికి కడుతున్నారు. నిన్నటి బానిసలు నేడు చదువుకున్న కుటుంబంలా కనిపించాలంటే గోడమీద గ్రీకు కథలుండాలి. పనివాళ్ల వైపు, వంటింటి పక్క ముంగిట్లో మాత్రం కథలేమీ లేని దేవుడిగూడు: మధ్యలో ఇంటిపెద్ద ఆత్మ, రెండుపక్కల కొమ్ముపాత్రలెత్తిన గృహదేవతలు, కింద ఒక పాము. ముందుగదిలో పురాణం ప్రదర్శన, వంటింటి దగ్గర రోజూ దండం.

వయా దెల్ అబొండాంజా వీధిలో చాకలి పని దుకాణం ఒకదాని ముందు గోడకు, ట్రాయ్ కాలిపోతుంటే తండ్రిని భుజాన మోసుకుపోతున్న ఈనియస్ బొమ్మ, ఇంకోపక్క రోమును స్థాపించాడని చెప్పే రోములస్ బొమ్మ ఉండేవి. రోము మహాకావ్యమైన వర్జిల్ 'ఈనియడ్' మొదటి మాటలు "ఆయుధాలను, వీరుణ్ని పాడుతున్నాను" అని. ఆ గోడమీద ఎవరో గీకిపోయారు: "చాకళ్లనూ గుడ్లగూబనూ పాడుతున్నాను, ఆయుధాలనూ వీరుణ్నీ కాదు." గుడ్లగూబ వాళ్ల కులచిహ్నం, ఎథీనా పక్షి. అంతటితో ఆగలేదు. దగ్గరలోని స్టాబియేలో అదే ఈనియస్, తండ్రి, కొడుకు ముగ్గురినీ కుక్కతలల కోతులుగా వేసిన గోడచిత్రం దొరికింది, నేపుల్స్ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి తన వంశకర్తగా చెప్పుకునే వీరుడాయన! ఇల్లు ఎవరిదో కానీ గుండెగలవాడు.

ఐసిస్ గుడి ద్వారం మీది శాసనం కూడా చెప్పాలి. క్రీ.శ. 62లో భూకంపానికి పడిన గుడిని న్యూమెరియస్ పొపీడియస్ సెల్సినస్ తన సొంత డబ్బుతో కట్టించాడని, అందుకు నగరసభలో ఉచితంగా స్థానం ఇచ్చారని, అతని వయసు ఆరేళ్లని ఉంది. తండ్రి విడుదలైన బానిస కావడంతో సభకు అనర్హుడు. ఈజిప్టు దేవత పేరున ఆరేళ్ల కొడుక్కి సీటు సంపాదించాడు.

అక్టోబరు 14, 15, రోమ్

కూర్చుంటే కాఫీ ధర ఇంకోటి, నిలబడితే ఇంకోటి అని మొదటిరోజే నాలుగు యూరోలు పోగొట్టుకుని నేర్చుకున్నాం. భోజనం బిల్లులో రొట్టె, బల్లగుడ్డ పేరుతో మనిషికి రెండున్నర యూరోలు వేరే వేస్తారు. మిరియాలు, గొర్రెజున్ను కలిపిన 'కాచో ఎ పెపె' సేమ్యా తిన్నాక ఫిర్యాదు మానేశాను.

గ్రీసులో కథ ఊరిది. ఇక్కడ కథ మెల్లగా ఒక కుటుంబానికి ఆస్తి అవుతుంది. ఈనియస్ ప్రేమదేవత వీనస్ కొడుకు, అతని కొడుకు యూలస్, అతని సంతతి జూలియస్ వంశం. కాబట్టి జూలియస్ సీజరు తాను కట్టించిన ఫోరంలో, అంటే గుళ్లూ కచేరీలూ ఉన్న ఊరి చౌకులో, క్రీ.పూ. 46లో వీనస్ 'జనని'కి గుడి కట్టాడు. మన రాజులు శాసనాల్లో చంద్రుడి దాకా వంశం చెప్పుకోవడం తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. అగస్టస్ తన ఫోరంలో ఒకపక్క ఈనియస్‌ను, మరోపక్క రోములస్‌ను నిలబెట్టి మధ్యలో తాను మిగిలాడు.

నాకు చక్రవర్తి ఫోరంకన్నా పాత ఫోరమే నచ్చింది. పద్దెనిమిది యూరోల టిక్కెట్టుతో పలటైన్ కొండ కూడా చూడవచ్చు. శనిదేవుడు సాటర్న్ గుడివి ఎనిమిది స్తంభాలు మిగిలాయి. రాజ్య ఖజానా ఉన్నది ఆ గుడిలోనే. విగ్రహం కాళ్లకు ఏడాదంతా ఉన్నితాడు కట్టి ఉంచి, డిసెంబరు 17న మొదలయ్యే పండుగకు విప్పేవారట. ఆ రోజుల్లో బానిసలకు యజమానులు వడ్డించేవారు, జూదానికి అడ్డులేదు. జూనో మొనేటా గుడి పక్కన నాణేల టంకశాల ఉండేది. ఆ మొనేటాయే తిరిగితిరిగి మనం రోజూ అనే 'మనీ' అయింది. పొయ్యిదేవత వెస్టా గుడిలో ఆరుగురు కన్యలు ముప్పై ఏళ్లపాటు నిప్పు ఆరకుండా కాపాడేవారు. నిప్పుతోపాటు ఊరి పెద్దల వీలునామాలనూ వాళ్ల దగ్గరే దాచేవారు, సీజరుది కూడా.

పలటైన్ మీద 'రోములస్ గుడిసె' ఆనవాలంటూ చూపే చోట బండలో గుంజలు నాటిన గుంతలు ఉన్నాయి, ఇనుపయుగంవి. చలువరాతి నగరం మధ్యలో ఒక తాటాకుపాక లాంటి రెల్లుగుడిసెను శతాబ్దాల తరబడి ఉంచి, గాలికో నిప్పుకో చెడినప్పుడల్లా ఉన్నది ఉన్నట్టే మళ్లీ నేసేవారట. కొత్త సొగసు ఏదీ చేర్చకుండా.

ఆఖరుగా కాస్టర్, పొలక్స్ గుడి దగ్గరికి వచ్చాం. మూడు స్తంభాలు నిలిచి ఉన్నాయి. వీళ్లు గ్రీకు దేవతలు, స్పార్టా కవలలు. రెజిలస్ సరస్సు యుద్ధంలో రోము పక్షాన పోరాడి, ఆ సాయంత్రమే ఇక్కడికి వచ్చి, జుటర్నా ఊట దగ్గర గుర్రాలకు నీళ్లు పట్టి, గెలుపు వార్త చెప్పి మాయమయ్యారని కథ. క్రీ.పూ. 484లో గుడి వెలిసింది. సెనేట్ కొన్నిసార్లు అందులో కూర్చునేది. తూనికరాళ్లు సరిగా ఉన్నాయో లేదో సరిచూసేదీ అక్కడే. గుడి అరుగు కింద చిన్న చిన్న కొట్లు ఉండేవి. తవ్వకాల్లో ఒక కొట్టు మురుగుకాలువలో పదులకొద్దీ పుచ్చిన పళ్లు దొరికాయి, పళ్లు పీకేవాడి దుకాణం కావచ్చు. పైన దేవతలు, పక్కన తక్కెడ, కింద పంటినొప్పి. మా అమ్మాయి ఇదంతా విని, "పన్నెండుగురు దేవతల పీఠం నుంచి ఇక్కడికి ఎంత దూరమమ్మా?" అని అడిగింది. స్టేడియాలలో నేను లెక్క వేస్తుండగా కాపలావాళ్లు మూసివేసే వేళయిందని ఈలలు ఊదడం మొదలుపెట్టారు. ద్వారం వైపు నడుస్తూ, దారిలో ఆగకుండా పారే కుళాయి దగ్గర వంగి సీసా నింపుకున్నాం. నీళ్లు చల్లగా ఉన్నాయి. మా వెనక ఇంకో ఇద్దరు సీసాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు.